చెక్ విత్తనం

గుండ్లమడుగు, తాండూరు దగ్గర
12 మే 2023

చిరంజీవి మేనకోడలు సృజనకు మామ తిరుమల్ దీవెనలు.

ముందుగా ఒక ఫిర్యాదు. మీ అమ్మ ఏడో తారీఖు బండికి వస్తుందని నువ్వు ఫోన్‌లో చెప్పావట. మీ అత్త కమలాబాయి దాన్ని నాకు చేతులతో చెప్పేసరికి అది ఏడున్నర బండి అయింది. నేను నాలుగో తారీఖు నుంచే తాండూరు స్టేషన్‌కు పోయి కూర్చున్నాను. బండి వచ్చేది, పోయేది, మా చెల్లె దిగేది కాదు. మా నాయనకు లాగే అరవై దాటగానే నాకు చెవులు పోయాయి. చెవులు లేనివాడికి పక్కవాళ్ళ నోరే దిక్కు. అందుకే ఈ సంగతి ఫోన్‌లో వద్దని రాస్తున్నాను. కాగితం మీదైతే పొరపాటు ఉండదు.

సంగతి కంది గురించి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరై మీ అత్త పుట్టింటి ఊరికి వచ్చిన కొత్తలో కంది బాగానే పండింది. రెండేళ్ళుగా ఎండు తెగులు పట్టింది. పూత వచ్చేదాకా చేను పచ్చగా ఉంటుంది. ఆ తర్వాత చెట్టు నిలబడ్డచోటే ఎండిపోతుంది. నేలలో తడి ఉంటుంది, చెట్టు మాత్రం నీళ్ళు లేనట్టు వాలిపోతుంది. కొమ్మ చీల్చి చూస్తే లోపల నల్ల చారలు. మందు కొట్టినవాళ్ళ పంటా పోయింది, కొట్టనివాళ్ళ పంటా పోయింది.

నాకు పెన్షన్ ఉంది. మీ అత్త తమ్ముడు భద్రయ్యకు మూడెకరాలు తప్ప ఇంకేమీ లేదు. ఈసారి సుత పోతే పొలం కౌలుకిచ్చి సికింద్రాబాద్ వచ్చి ఏదో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చుంటానంటున్నాడు. "బావా, నీ మేనకోడలు కంది డాక్టరే గద, జెర మందు రాయించరాదు" అని రోజూ నా చెవి దగ్గరికి వచ్చి అరుస్తాడు. ఈ ఊళ్ళో నాకు వినిపించేది అతని అరుపొక్కటే.

నువ్వు చేసే పని అదేనని మీ అమ్మ చెబుతుంది. తెగులు రాని విత్తనం నిజంగా ఉంటే ఉందని రాయి. లేకుంటే లేదని రాయి. ఇక్కడ నన్ను రైలు బావ అంటారు. ఎన్నాళ్ళున్నా బయటివాణ్ణే. నేను ఒక మాట చెప్పి అది తప్పిపోతే రెండోసారి వినేవాళ్ళు ఉండరు.

లాలాగూడ వైపు పోతే మన పాత క్వార్టర్ ముందు జామచెట్టు ఉందో లేదో చూసి రాయి.

మీ మామ
తిరుమల్


మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్
2 జూన్ 2023

మామా,

నమస్తే. జామచెట్టు లేదు. అక్కడిప్పుడు స్కూటర్లు పెడుతున్నారు. స్టేషన్ సంగతి చదివి వినిపిస్తే అమ్మ పడి పడి నవ్వింది. "మా అన్నకు బండ్లు రిపేర్ చేసుడే తెల్సు, బండ్ల టైం ఎన్నడు తెల్వది" అంది. ఆమె కంటి ఆపరేషన్ ఈ నెల చివర్లో.

నువ్వడిగినదానికి జవాబు: ఉంది, కానీ ఇంకా పరీక్షలో ఉంది.

ఈ తెగులు మట్టిలో ఉండే బూజు వల్ల వస్తుంది. అది వేరులోంచి దూరి, నీళ్ళు పైకెక్కే నాళాలను మూసేస్తుంది. అందుకే తడి నేలలో ఉండి కూడా చెట్టు దాహంతో చస్తుంది. పైన కొట్టే మందు అక్కడిదాకా పోదు. చెట్టే దాన్ని వేరు దగ్గర ఆపుకోవాలి. అట్లా ఆపుకునే కంది ఒకటి కొండ ఊళ్ళలో దొరికింది. కానీ దాని గింజ చిన్నది, పప్పు సరిగా ఉడకదు, కాపు తక్కువ. దాన్ని మీ వైపు పండే మంచి కందితో కలిపాం. పుట్టినవాటిలో ఏ మొక్కకు ఆ గుణం వచ్చిందో తెలియాలంటే ఇదివరకు పంట చివరిదాకా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు మొలక ఆకు గోరంత గిల్లి, ఆ గుణం ఆనవాలు డీఎన్‌ఏలో ఉందో లేదో చూస్తాం. ఉన్న మొక్కనే మళ్ళీ మంచి కందితో కలుపుతాం. అట్లా ఒక తరం తర్వాత ఇంకో తరం. నేను చేసే ఉద్యోగం చాలావరకు ఆకులు గిల్లడమే.

ఆనవాలు కనిపించినంత మాత్రాన చెట్టు బతుకుతుందని నమ్మడానికి లేదు. అందుకని మా దగ్గర ఒక మడిలో తెగులును పెంచుతాం. ఎండిన చెట్లను నరికి ఆ మట్టిలోనే కలుపుతాం. ఆ మడిలో నిలబడినవి ఏడు రకాలు. ఇక వాటిని రైతుల పొలాల్లో చూడాలి. కార్ఖానా ఏరియాలో ఉన్న మా ఆఫీసులో మా పై అధికారి ఆశీష్ సార్‌తో మాట్లాడి ఈ ఏడాది మీ ఊరిని ఆ ట్రయల్‌లో పెట్టించాను.

మీ పాత దోస్తు లాల్ తన బిడ్డను చూడడానికి తాండూరు వస్తున్నాడు. అతనితో ఎనిమిది పొట్లాలు పంపుతున్నాను. ఏడింటి మీద ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లుంటాయి. ఎనిమిదోదాని మీద 'చెక్' అని ఉంటుంది. ఒక్కొక్కటి నాలుగేసి వరుసలు వెయ్యి. అన్నిటికంటే చెక్ ముఖ్యం మామా. నంబర్లలో ఒకటి రెండు పోయినా పరవాలేదు, చెక్ లేకుంటే మొత్తం పనికే విలువ ఉండదు. నంబర్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు. అవి ఇంకా విడుదల కాలేదు, బయటికి పోతే నా ఉద్యోగం మీదికి వస్తుంది.

భద్రయ్య చిన్నాయనకు చెప్పు, వాచ్‌మన్ పని తర్వాత చూసుకోవచ్చని.

సృజన


గుండ్లమడుగు
11 జూన్ 2023

చిరంజీవి సృజనకు దీవెనలు.

పొట్లాలు అందాయి. లాల్‌ను ఒక పూట ఉంచుకొని పంపాను. ఇద్దరం చెవిటివాళ్ళమే, మా అరుపులకు మీ అత్త పక్కింటికి పోయింది.

నీ ఉత్తరంలో తెగులు గురించి రాసినంతవరకు అరుగు మీద అందరికీ చదివి వినిపించాను. నేలలో తెగులును పెంచుతారన్న దగ్గర భద్రయ్య ఆపేశాడు. "ఏందీ, రోగానికి సుత కూలిచ్చి పెంచుతరా? మా ఊరికి రమ్మను, పైస లేకుండ పుక్కట్ల దొరుకుతది" అన్నాడు. అందరూ నవ్వారు. పక్క పొలం హరికిషన్ అయితే నీకు ఆకులు గిల్లే డాక్టరమ్మ అని పేరు పెట్టాడు.

చెక్ సంగతి నాకు నువ్వు చెప్పాలా బిడ్డా? మా షాపులో ఇన్‌స్పెక్టర్ సుద్దముక్కతో చెక్ అని రాయనిదే ఒక్క చక్రం పట్టాలెక్కేది కాదు. దాని విలువ తెలిసినవాడిని కాబట్టే అడుగుతున్నాను. నీ పొట్లంలో ఉన్నది పిడికెడు. నంబర్లు నా చేను నడుమ ఉంటాయి, చుట్టూ అంతా చెక్ వేద్దామనుకుంటున్నాం. భద్రయ్య, హరికిషన్, ఇంకో ముగ్గురు పక్క పొలాలవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. మీ దగ్గర దండిగా ఉంటే పంపు. తొలకరి ఈ వారమో పై వారమో అన్నట్టుంది.

మీ అత్త మీ అమ్మకు పచ్చజొన్నలు పంపుతానంటున్నది. ఆపరేషన్ అయ్యేదాకా వంగి పని చేయొద్దని చెప్పు.

మామ


మల్కాజ్‌గిరి
19 జూన్ 2023

మామా,

హడావిడిలో రాస్తున్నాను. అమ్మ ఆపరేషన్ ముందుకు జరిపారు, రేపే.

చెక్ విలువ తెలిసిన రైతును మొదటిసారి చూస్తున్నాను. మిగతా ఊళ్ళలో అది వేయమంటే దండగ అని మొహం తిప్పుకుంటారు. చుట్టూ చెక్ వేయడం మా పుస్తకాల్లో ఉన్న పద్ధతే. నీకెవరు చెప్పారు? ఆశీష్ సార్‌కు నీ ఉత్తరం చూపిస్తే "మీ మామను ఉద్యోగంలో పెట్టుకుందాం" అన్నాడు.

స్టోర్‌లో పాతిక కిలోల బస్తా ఉంది. మీకు అంత అక్కర్లేదు కానీ విప్పి కొలిచి ఇచ్చే మనిషి సెలవులో ఉన్నాడు. బస్తాను అట్లాగే, మళ్ళీ బిడ్డ దగ్గరికి వస్తున్న లాల్‌కు అప్పజెప్పాను. కావలసినంత వాడుకోండి. మిగిలితే పప్పుకు ఆడించొద్దు, పురుగు మందు కలిపి ఉంది.

మిగతా సంగతులు తర్వాత.

సృజన


గుండ్లమడుగు
6 ఆగస్టు 2023

చిరంజీవి సృజనకు దీవెనలు.

మీ అమ్మ కన్ను కుదుటపడిందని తెలిసి సంతోషం. నల్లద్దాలు పెట్టుకొని దిగిన ఫోటో మీ అత్త ఫోన్‌లో చూశాను. చిన్నప్పుడు మా గల్లీలో గాలిపటాలు కోసి పరుగెత్తిన మొహమే.

వానలు అదనుకు పడ్డాయి. మొలక బాగా వచ్చింది. నంబర్లు నా చేను నడుమ నువ్వు చెప్పినట్టే వేశాను. నీ బస్తాలో ఒక్క గింజ వృథా పోలేదు. ఆరిళ్ళవాళ్ళం నిశ్చింతగా ఉన్నాం. హరికిషన్ ఇంతకుముందు నన్ను చూస్తే "రైలు బావ వచ్చె, పట్టాలు తప్పుకోండ్రి" అనేవాడు. ఇప్పుడు ముందు చాయ్ పోయిస్తున్నాడు. భద్రయ్య వాచ్‌మన్ మాట ఎత్తడం లేదు. కొడుకును తాండూరులో ఐటీఐలో వేశాడు.

మీ ఆశీష్ సార్‌కు నా నమస్కారాలు. ఉద్యోగం వద్దని చెప్పు, ఒకసారి రిటైరైనవాణ్ణి.

మామ


మల్కాజ్‌గిరి
3 అక్టోబర్ 2023

మామా,

చాలా రోజులకు రాస్తున్నాను. రెండు నెలలు వేరే ట్రయల్స్ చూడడానికి తిరిగి తిరిగి వచ్చాను. ఇంట్లో అమ్మ, ఆఫీసులో ఆశీష్ సార్, ఇద్దరికీ కోపమే. లోకల్ రైల్లో నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను.

మీ దగ్గర పూత మొదలై ఉంటుంది. ఇక చూడాల్సింది ఒకటే. చెక్ ఎండుతోందా? చెక్ అంటే ఈ తెగులుకు తప్పకుండా చచ్చే పాత రకమే కదా. అది చస్తేనే మట్టిలో తెగులుందని మాకు రుజువు. పక్కన అది చస్తుంటే నంబర్లు నిలబడాలి, అప్పుడే వాటి సత్తా తెలుస్తుంది. పోయినేడు ఒక ఊళ్ళో చెక్ చివరిదాకా పచ్చగా ఉంది, ఆ ట్రయల్ మొత్తం పారేశాం. కాబట్టి చెక్ ఎంత బాగా ఎండితే మనకంత మంచిది.

ఎండడం షురూ కాగానే ఒక కార్డు ముక్క రాయి. నేనూ సారూ వచ్చి ఫోటోలు తీసుకుంటాం. అత్తకు చెప్పు, నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు చాలు.

సృజన


గుండ్లమడుగు
9 అక్టోబర్ 2023

సృజనా,

పోస్ట్‌మన్ నీ ఉత్తరం పొలం దగ్గరే ఇచ్చాడు. అక్కడే చదివాను. చదివి తలెత్తితే ఎదురుగా భద్రయ్య చేను ఉంది.

చెక్ అంటే చెక్ చేసిన విత్తనం అనుకున్నాను. పాసైన సరుకు అనుకున్నాను. నంబర్లు ఇంకా పాసు కానివి అనుకున్నాను. నీ బస్తా ట్రయల్ చుట్టూ వేయలేదు. ఆరుగురం మా పొలాలన్నిటికీ అదే వేశాం. ఇక్కడ వేరే కంది ఒక్క మొక్క లేదు.

ఎండడం షురూ అయింది. కార్డు రాయమన్నావు కదా, రాస్తున్నాను.

ఏదైనా మందు ఉంటే వెంటనే చెప్పు. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

తిరుమల్


మల్కాజ్‌గిరి
13 అక్టోబర్ 2023

మామా,

నీ ఉత్తరం రాగానే అత్తకు ఫోన్ చేశాను. ఎత్తి, నా గొంతు విని పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. ఆమెకు చెప్పావన్నమాట.

మందు లేదు. ఉందని రాయాలని ఉంది, కానీ లేదు. ఎండిన చెట్టు మళ్ళీ లేవదు. ఎండినవాటిని వేళ్ళతో సహా పీకి కాల్చేయండి. దున్ని మట్టిలో కలపొద్దు. వేళ్ళ ముక్కల్లో ఆ బూజు ఏళ్ళ తరబడి బతుకుతుంది. వచ్చే ఏడు జొన్న వేయండి. కంది కనీసం మూడు నాలుగేళ్ళు ఆ నేలలో వేయకూడదు.

నీ జూన్ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. సుద్దముక్క అన్నావు. చక్రం పట్టాలెక్కదన్నావు. అంతా స్పష్టంగా ఉంది. నేను నవ్వుకొని పక్కన పెట్టాను. మా దగ్గర చెక్ అనే మాట రోజుకు వందసార్లు అంటాం. ఏ రకమైనా మంచిదా కాదా అని దేనితో పోల్చి చూస్తామో దాన్ని చెక్ అంటాం. బయట ఆ మాటకు ఉన్న అర్థం తెలియక కాదు, ఆఫీసు గేటు దాటితే గుర్తు రాదు. పైగా చెక్ ముఖ్యం అని రాసిందీ నేనే, చుట్టూ వేయడం మంచి పద్ధతి అన్నదీ నేనే.

ఆశీష్ సార్‌కు చెప్పాను. ట్రయల్ హద్దు బయట వేసినదానికి సంస్థ బాధ్యత ఉండదన్నాడు. బస్తా ఇచ్చినట్టు కాగితం ఏదైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను. "మంచిది" అన్నాడు.

ఆదివారం వస్తున్నాను. అందరి ముందు నిలబడి తప్పు నాదని చెబుతాను. నువ్వు నీ మీద వేసుకోకు.

సృజన


గుండ్లమడుగు
2 నవంబర్ 2023

సృజనా,

రావద్దని మీ అత్తతో ఫోన్ చేయించింది నేనే. వచ్చి ఉంటే నీకు మర్యాద దక్కేది కాదు. వాళ్ళల్లో చాలామంది నిన్ను చూడనే లేదు, వాళ్ళకు తెలిసింది నేను. విత్తనం తెచ్చింది నేను, వేయమన్నది నేను. తప్పు బస్తా తెప్పించానని చెప్పాను. మాట అర్థం కాలేదని చెబితే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మశక్యంగా లేదు.

ఎండినవాటిని పీకి కాల్చమన్నావు. నేను చెప్పాను. "సచ్చినదాన్ని పీకెతందుకు సుత కూలి మేమే పెట్టుకోవాల్నా?" అన్నారు. నేనూ మీ అత్తా మా చేను వరకు పీకాం. మిగతావాళ్ళు దున్నేశారు.

అంతకు ముందు జరిగింది రాస్తాను. అందరూ కలిసి నా చేనులోకి వచ్చారు. నంబర్లలో మూడోదీ ఏడోదీ ఒక్క ఆకు రాలకుండా పూత మీద ఉన్నాయి. చుట్టూ అంతా కట్టెలు. నడుమ ఆ వరుసలు. మీ సంస్థవాళ్ళు కోరుకునే ఫోటో అదే.

హరికిషన్ అడిగాడు. మీ అత్త చేతులతో చెబుతుంటే నేను అర్థం చేసుకున్నాను.

"గీ నడుమల పచ్చగున్నదేంది రైలు బావా?"

"నంబర్ల విత్తనం. పరీక్షకు ఇచ్చిన్రు."

"గది మాకెందుకియ్యలె?"

ఇవ్వొద్దని నువ్వు రాశావని ఎట్లా చెబుతాను?

"ఇంజన్ తన డబ్బకు తగిలిచ్చుకుండు, మన డబ్బలను పట్టాల మీద ఇడ్సిపెట్టిండు" అన్నాడు హరికిషన్. ఈసారి అతని మాటకు ఎవరూ నవ్వలేదు.

భద్రయ్య నా వైపు తిరిగి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. పెదవులు కదలడం మాత్రం చూశాను. పదేళ్ళుగా నాతో అరిచి మాట్లాడే మనిషి మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాడు. ఏమన్నాడని మీ అత్తను అడిగాను. చేతులు కొంగులో చుట్టుకుంది. ఇవాళ్టిదాకా చెప్పలేదు.

మూడు రోజుల తర్వాత పొద్దున పొలానికి పోతే నంబర్ల వరుసల్లో మేకలున్నాయి. అయిదిళ్ళ మేకలూ ఉన్నాయి. కాపరి లేడు. కర్ర నా చేతిలోనే ఉంది. గట్టు మీద కూర్చున్నాను. అవి తినడం అయిపోయేదాకా కూర్చున్నాను. తోలలేదు. నీ ఏళ్ళ కష్టమని తెలుసు. నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నాను.

భద్రయ్య దసరా తర్వాత సికింద్రాబాద్ పోయాడు. ఎక్కడున్నాడో నాకు చెప్పలేదు.

తిరుమల్


మల్కాజ్‌గిరి
20 జనవరి 2024

మామా,

నంబర్ల గురించి నేను అడగను. ఏడో నంబరు విత్తనం మా స్టోర్‌లో ఇంకా ఉంది. మీ ఊరి ట్రయల్ రద్దయినట్టు రాశారు. కారణం దగ్గర 'పశువుల మేత' అని ఉంది. విడుదలకు ఇంకో రెండు మూడేళ్ళు పడుతుంది.

భద్రయ్య చిన్నాయన కనిపించాడు. కార్ఖానాలో మా ఆఫీసు సందులోనే ఒక అపార్ట్‌మెంట్. నేను రోజూ ఆ గేటు ముందు నుంచే పోతున్నాను, ఖాకీ చొక్కా చూశాను కానీ మొహం చూడలేదు. మొన్న చూశాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"కూసో చిన్నాయనా" అన్నాను.

"డ్యూటీల ఉన్న మేడం" అన్నాడు.

పోయినేడు మన చుట్టాల పెళ్ళిలో నన్ను బిడ్డా అని పిలిచి బలవంతంగా అన్నం వడ్డించిన మనిషి. నేను జరిగిందంతా అక్కడే చెప్పాను. బస్తా పంపింది నేనని, నువ్వు కాదని. ఇంతలో కారు వచ్చి హారన్ కొడితే గేటు తెరవడానికి పోయాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు కానీ నా వైపు చూడలేదు. అతనికి వినపడిందో, వినదలుచుకోలేదో తెలియదు.

ఇప్పుడు రాయాల్సిన మాట రాస్తాను. డిసెంబర్‌లో మావాళ్ళు మీ ఆరుగురి పొలాల్లో మట్టి తీసుకుపోయారు కదా. ఫలితం వచ్చింది. చచ్చే రకం ఒకేసారి అన్ని పొలాల్లో వేసి, ఎండాక చాలావరకు దున్నేయడంతో తెగులు నేలంతా సమానంగా పరుచుకుంది. మా సొంత మడిలో కూడా అంత లేదు. ఆశీష్ సార్ ఆ కాగితం చూసి, ఇట్లాంటి నేల తయారు చేయాలంటే మనకు నాలుగేళ్ళు పట్టేది అన్నాడు. కొత్త రకాలను పరీక్షించడానికి ఆ పొలాలు కౌలుకు కావాలట. కౌలు బాగానే ఇస్తారు. పని కూడా అక్కడివాళ్ళకే ఇస్తారు. ప్రతి రెండు కొత్త వరుసలకు ఒక వరుస చెక్ వేయాలి. నేలలో తెగులు తగ్గకుండా చూడాలి.

నీకు ఈ మాట రాయమన్నారు, రాశాను. ఒప్పుకోమనీ వద్దనీ నేను అనలేను. అక్కడ కంది ఎట్లాగూ పండదు. జొన్న పండుతుంది, కాకపోతే కౌలు అంత రాదు.

అమ్మ నాతో మాట్లాడుతుంది. నీ సంగతి మాత్రం ఎత్తదు.

సృజన


గుండ్లమడుగు
25 జూన్ 2024

చిరంజీవి సృజనకు దీవెనలు.

చాలా రోజులకు దీవెనలని రాయగలిగాను.

అందరూ ఒప్పుకున్నారు. ముందు ఒప్పుకున్నది హరికిషనే. నేనూ సంతకం పెట్టాను. మీ ఆశీష్ సార్ తెల్లకారులో వచ్చి నాకు చెయ్యి కలిపాడు. ఉద్యోగం సంగతి గుర్తు చేసి నవ్వాడు. వరుసల మొదట్లో పాతే పలకల మీద పేర్లు రాసే పని నాకిచ్చారు. చదువు వచ్చినవాణ్ణని.

భద్రయ్య తిరిగొచ్చాడు. ఇక్కడి కూలి అక్కడి జీతం కంటే కొంచెం నయం, ఇంటి తిండి. తన మూడెకరాల్లో తనే కూలీ. నాతో మాట్లాడడు. ఏమన్నా చెప్పాలంటే అక్కకు చెబుతాడు, ఆమె నాకు చేతులతో చెబుతుంది. ఆనాడు చేనులో ఏమన్నాడో మీ అత్త మొన్న చెప్పింది. "ఇగ నీ చెవుల ఒర్ర బావా" అన్నాడట, ఇక నా చెవి దగ్గర అరవనని. అంతే.

నిన్న విత్తారు. నేను పలకలు పట్టుకొని వెనక నడిచాను. రెండు వరుసలు నంబర్లు, ఒక వరుస చెక్. సుద్దతో రాస్తే వానకు పోతుందని ఎర్ర రంగు ఇచ్చారు. వరుస మొదట్లో పలక పాతుతుంటే భద్రయ్య గుప్పిట్లో చెక్ గింజలు పట్టుకొని ఆగాడు. మీ అత్తతో ఏదో అన్నాడు. ఆమె చేతులతో చెప్పింది. రోగానికి సుత కూలిచ్చి పెంచుతరా అని అరుగు మీద నవ్వినం గద, ఇస్తున్నరు చూడు, అన్నాడట.

నేను పలక పాతి లేచాను. అతను రెండడుగులు వేసి ఆగి, వెనక్కి వచ్చాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. అక్టోబర్ తర్వాత అతని గొంతు వినడం అదే మొదలు.

"బావా, నువ్వే జెప్పు. గిది మంచిగ మొలుస్తదా?"

అతని చేతిలో ఉన్న గింజలు చూశాను. నున్నగా, గట్టిగా, ఒక్క పుచ్చు లేకుండా ఉన్నాయి.

"మొలుస్తది" అన్నాను. "పూతదాంక మంచిగుంటది."

తల ఊపి, వంగి విత్తడం మొదలుపెట్టాడు.

మామ
తిరుమల్